రబ్బరు చక్రముల బండ్లకు టైర్లను ఎన్నుకొనుట, మార్చుట
(రైతుల ఉపయోగార్థము)

1. ఈ విషయము యొక్క ప్రాముఖ్యము

పంట పండించుట యెంత ముఖ్యమో, పండిన పంటను నష్టము లేకుండ ఇంటికిని అంగడికిని చేర్చుటయు నంత ముఖ్యము. కోతలు, నూర్పిళ్లు ముగిసిన దినములలో బండి ఒక్కపూట నిలిచిపోయినను కళ్లములోని ధాన్యము మంచునకో వానకో లోనగును. కూలివాండ్రు పని లేక కూర్చుండినను కూలి ఇయ్యక తప్పదు. నడిదారిలో బండి నిలిచినచో ఎద్దులు ఎండలో బరువు మోయుచు నిలువవలసి వచ్చును. ఇన్ని చిక్కులకును పెక్కుమారులు కారణము సకాలమున మార్చని యొక టైరే అయియుండును.

పూర్వము బండ్లన్నియు కఱ్ఱ చక్రములకు ఇనుప పట్టా వేసినవై యుండెను. ఆ పట్టా వెడల్పు తక్కువగుటచే తడినేలలో దిగబడుచు, దారులను గాళ్లు పడునట్లు కోయుచుండెను. గాలి నింపిన రబ్బరు టైరును 1888వ సంవత్సరమున బెల్‌ఫాస్టు నగరములో జాన్ బాయిడ్ డన్లప్ అను నాతడు ప్రచారములోనికి తెచ్చెను. ఆతడు వృత్తిచే పశువైద్యుడు. ఆయన పేరే మన పల్లెలలో ‘డన్లప్ బండి’ అను మాటలో నిలిచిపోయినది. గాలి టైరు నేలపై వెడల్పుగా ఆనుటచే మెత్తని నేలలో తక్కువగా దిగబడును; దారి కుదుపులను తాను గ్రహించి ఎద్దుల మెడలకు తాకనీయదు; ఒకే జత ఎద్దులు హెచ్చు బరువును తక్కువ ప్రయాసతో లాగును. అయితే ఈ మేలంతయు టైరు మంచిదై, తగిన గాలితో నున్నప్పుడే కలుగును. చెడిన టైరు ఇనుప పట్టాకంటె హానికరము. ఏలయనగా ఇనుప పట్టా అరుగుచున్నట్లు కంటికి కనబడును గాని, టైరు లోలోపల చెడుచు పైకి బాగుగానే కనబడును.

ఈ కరపత్రమునందు ఎద్దుల టైరుబండ్లకును, ట్రాక్టరుకు తగిలించు ట్రెయిలర్లకును టైర్లను ఎట్లు ఎన్నుకొనవలెనో, ఎట్లు అపాయము లేకుండ మార్చుకొనవలెనో వివరింపబడినది.

2. టైరు చెడుటకు కారణములు

టైరు నాలుగు విధముల చెడును.

మొదటిది అరుగుట. నేలతో రాచుకొనుటచే పైరబ్బరు తగ్గిపోవును. దీనిని ప్రతివారును గుర్తింతురు.

రెండవది వయస్సు. రబ్బరు ఎండకును గాలికిని క్రమముగా గట్టిపడి బీటలు వాఱును. వ్యవసాయపు బండి కోతల కాలమునను ఎరువులు తోలునప్పుడును మాత్రమే విశేషముగా తిరుగును. తక్కిన నెలలు చెట్టు క్రిందనో వాకిటనో నిలిచియుండును. కావున లారీ టైరు అరిగి చెడును గాని, రైతు బండి టైరు అరుగక మునుపే ముదిసి చెడును. పైగీతలు లోతుగా నున్నవి గనుక టైరు క్రొత్తదే యని తలచుట రైతులు చేయు పొరపాట్లలో మొదటిది. ఇతర దేశములలో గుఱ్ఱములను తీసికొనిపోవు ట్రెయిలర్ల విషయమునను ఇదే జరుగుచున్నది. ఏడాదిలో కొలది దినములు మాత్రమే తిరుగుటచే వాని టైర్లు గీతలు చెడకయే ప్రక్కలు చిట్లి పగులును.

మూడవది వేడిమి. గాలి తక్కువగా నున్న టైరు ప్రతి చుట్టునకును ప్రక్కలు నలిగి మడగును. ఆ నలుగుటవలన వేడి పుట్టును. వేడివలన లోపలి నూలుపొరలు, రబ్బరు ఒకదానినుండి యొకటి విడిపోవును. ఇట్టి టైరు ఆ దినమున పగులకపోయినను మఱియొక దినమున బరువు క్రింద తప్పక పగులును. తరువాత గాలి నింపినంతమాత్రమున విడిపోయిన పొరలు మరల అతుకవు.

నాల్గవది అధికభారము. టైరు మోయదగిన బరువును మించి వేసినచో గాలి సరిగానే యున్నను గాలి తక్కువైనట్లే నలుగును, ఫలితమును అదియే.

3. పాత టైరును తీసివేయవలసిన గుర్తులు

వానకాలమునకు ముందొకసారియు, కోతలకు ముందొకసారియు రైతు తన బండి టైర్లను పగటి వెలుతురులో చక్రము త్రిప్పుచు చుట్టును పరీక్షింపవలెను. ఈ క్రింది గుర్తులలో ఏ యొక్కటి కనబడినను టైరును మార్చవలెను.

(అ) ప్రక్కలయందు గాని గీతల అడుగున గాని బీటలు వాఱి, వేలితో వంచినపుడు అవి తెఱచుకొని లోతుగా కనబడుట.
(ఆ) ప్రక్కన గాని పైన గాని గడ్డవలె ఉబ్బియుండుట. ఇది లోపలి పొరలు తెగినవనుటకు గుర్తు. ఇట్టి టైరుతో ఒక్క దినమైనను బరువు తోలరాదు.
(ఇ) రాళ్లచేతనో నాగటి కొనచేతనో కోతపడి లోపలి నూలుపొర బయటపడుట.
(ఈ) గీతలు అరిగి నున్నగా నగుట. తారు రోడ్డుపై వేగముగా పోవు టైర్లలో అనేకములయందు గీతల అడుగున చిన్న రబ్బరు కట్టలుండును. పైరబ్బరు అరిగి ఆ కట్టలతో సమానమైనచో టైరు పని ముగిసినదని గ్రహింపవలెను.
(ఉ) రిమ్ములో కూర్చుండు అంచునందలి తీగ బయటపడుటయో, అంచు చిట్లుటయో.

వీటితోబాటు ఎద్దుల మెడలను గూడ చూడవలెను. రెండు టైర్లలో నొకదాని గాలి తక్కువైనచో ఆ ప్రక్క చక్రము ఈడ్చుకొనిపోవును. నొగ ఒక వైపునకే నెట్టుచుండును. కాడి ఒరసికొని మెడపుండు పడును. కాడి సరిగానున్నను పుండు మానకుండెనేని మందు రాయుటకు ముందు చక్రముల గాలిని కొలిచి చూచుట మంచిది.

4. టైరుపైని అంకెలను చదువు విధము

టైరు ప్రక్కన పోతపోసిన అంకెలు అలంకారమునకు గావు. అవియే దాని జాతకము. చదువనెఱిగిన యింటి పిల్లవానిచేతనైనను వానిని చదివించి కాగితముపై వ్రాసికొని అంగడికి పోవలెను.

పరిమాణము: 7.50-16 అని యున్నచో టైరు వెడల్పు సుమారు ఏడున్నర అంగుళములనియు, అది కూర్చుండు రిమ్ము అడ్డకొలత 16 అంగుళములనియు అర్థము. ఎద్దుల బండ్లకై ప్రత్యేకముగా చేయు టైర్లు 6.00-19, 7.00-19, 8.00-19 అను పరిమాణములలో దొరకును. రెండవ అంకె రిమ్ము అంకెతో సరిగా సరిపోవలెను. అంగుళమునకు సగము తేడాయున్నను టైరును బలవంతముగా ఎక్కించుటకు ప్రయత్నింపరాదు. గాలి కొట్టునప్పుడు అంచు తెగి ప్రాణాపాయము కలుగును.

పొరల బలము: ‘ప్లై రేటింగు’ అని యుండు 6, 8, 10, 16 మొదలగు అంకె టైరు బలమును తెలుపును. ఇది లోపల నిజముగా నున్న పొరల లెక్క కాదు. అన్ని నూలుపొరలున్న టైరుతో సమానమైన బలమని మాత్రమే భావము. అంకె పెరిగిన కొలది ఎక్కువ గాలిని పట్టి ఎక్కువ బరువును మోయగలదు.

భారసంఖ్య: కొన్ని టైర్లపై ఒక అంకెయు దాని ప్రక్కన నొక యక్షరమును ఉండును. అంకె ఆ యొక్క టైరు మోయదగిన బరువును, అక్షరము వేగమును తెలుపును. 100 అనగా 800 కిలోలు, 105 అనగా 925 కిలోలు, 110 అనగా 1060 కిలోలు, 120 అనగా 1400 కిలోలు, 130 అనగా 1900 కిలోలు. ఈ బరువు నిర్ణీతమైన గాలి యున్నపుడు, నిర్ణీతమైన వేగమునకు లోబడి నడచునపుడు మాత్రమే చెల్లును. భారసంఖ్య లేని టైరైనచో తయారీదారు పట్టికను అంగడివానిచే తెప్పించి చూచుకొనవలెను, నోటిమాట నమ్మరాదు.

పుట్టిన తేదీ: పెక్కు టైర్లపై కోడియారపు గడిలో నాలుగంకెలు విడిగా నుండును. మొదటి రెండు ఏటిలోని వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనది. టైరు వయస్సును కొన్న నాటినుండి గాక ఈ తేదీనుండి లెక్కింపవలెను. అంగడి అటుకపై మూడేండ్లు పడియున్న ‘క్రొత్త’ టైరునకు మూడేండ్లు నిండినట్లే. అయిదేండ్లు దాటిన టైరును ఏటేట పరీక్షింపవలెననియు, పదియేండ్లు దాటినదానిని చూపునకు బాగున్నను తీసివేయవలెననియు పలువురు తయారీదారులు చెప్పుదురు. ఎండలో నిలుచు బండి టైరునకు ఈ గడువు తగ్గునే గాని పెరుగదు.

5. మోయవలసిన బరువును లెక్కించుట

టైరు కొనుటకు ముందు రైతు తన బండి మోయు బరువును తానే లెక్కకట్టుకొనవలెను. లెక్క కష్టమైనది కాదు.

ఎద్దుల బండికి ఉదాహరణము: ఖాళీ బండి 350 కిలోలు, 75 కిలోల ధాన్యపు బస్తాలు 20, అనగా 1500 కిలోలు, మొత్తము 1850 కిలోలు. రెండు చక్రములకు పంచగా ఒక్కొక్కదానిపై 925 కిలోలు పడును. భారసంఖ్య 105 గల టైరు దీనికి సరిగా సరిపోయినట్లు తోచును. కాని గుంతలో నొక చక్రము దిగినపుడు బరువంతయు ఆ వైపునకే ఒరుగును. కావున నూటికి పదునైదు వంతులైనను అధికముగా మోయగల టైరును తీసికొనవలెను. 925 కిలోలపై పదునైదు వంతులు చేర్చగా సుమారు 1064 కిలోలగును. 110 సంఖ్య 1060 కిలోలే గనుక కొంచెము చాలదు. 1090 కిలోలు మోయు 111 సంఖ్య తగినది. బరువులో కొంత ఎద్దుల మెడపై పడుట నిజమే గాని లెక్కలో దానిని తీసివేయక యుండుట క్షేమము.

ట్రెయిలరునకు ఉదాహరణము: నాలుగు చక్రముల ట్రెయిలరు 1500 కిలోలు, సరకు 5000 కిలోలు, మొత్తము 6500 కిలోలు. ఒక్కొక్క చక్రమునకు 1625 కిలోలు. పదునైదు వంతులు చేర్చగా సుమారు 1869 కిలోలు. 1850 కిలోలు మోయు 129 సంఖ్య చాలదు. 1900 కిలోలు మోయు 130 సంఖ్య తీసికొనవలెను. పచ్చి చెఱకు, తడి ఇసుక, పశువుల ఎరువు చూపునకు తక్కువగా కనబడినను మిక్కిలి బరువు గలవి. వానిని కంటిచూపుతో నంచనా వేయక యొకసారి తూపు కాటాపై తూచి తెలిసికొనుట మేలు.

ఇచ్చట ముఖ్యమైన హెచ్చరిక యొకటి గలదు. టైరు మోయగల బరువు వేఱు, ఎద్దులు లాగగల బరువు వేఱు. గట్టి టైరు వేసినామని బస్తాలు పెంచినచో టైరు నిలుచును గాని ఎద్దులు కూలును. 1965వ సంవత్సరపు భారవాహక పశువుల హింసా నివారణ నియమముల ప్రకారము పశువులచే దినమునకు 9 గంటలకు మించియు, విశ్రాంతి లేకుండ ఎడతెగక 5 గంటలకు మించియు పని చేయింపరాదు; ఎండ 37 డిగ్రీలు మించు చోట్ల మధ్యాహ్నము 12 మొదలు 3 గంటల వరకు బండి కట్టరాదు. ఎత్తైన చడావు గల దారులలో బరువును తగ్గింపవలెను.

6. టైర్లను ఎన్నుకొనుట

(అ) ఒకే ఇరుసుపై రెండు టైర్లును ఒకే పరిమాణము, ఒకే రకము, ఇంచుమించు ఒకే అరుగుదల గలవిగా నుండవలెను. ఒకటి క్రొత్తది, ఒకటి అరిగినది యైనచో బండి ఒక ప్రక్కకు ఒరిగి బరువు ఆ వైపునకే పడును. జత కొనుటకు డబ్బు చాలనిచో క్రొత్త టైరు నొకదానిని వేసి రెండవదానిని నిర్లక్ష్యము చేయుటకంటె, రెండును వచ్చువఱకు బరువు తగ్గించి తోలుట యుత్తమము.

(ఆ) నూలుపొరలు ఏటవాలుగా నడ్డదిడ్డముగా పేర్చిన టైరును, రేడియల్ టైరును ఒకే ఇరుసుపై కలిపి వేయరాదు. వాని ప్రక్కలు వంగు తీరు వేఱు.

(ఇ) బండికిని ట్రెయిలరునకును నిలువు గీతల టైరు తగినది. అది తేలికగా దొర్లును. ట్రాక్టరు వెనుక చక్రములకుండు లోతైన ఏటవాలు గట్ల టైరు నేలను పట్టి లాగుటకు చేయబడినది. లాగబడు బండికి దానివలన ప్రయోజనము లేదు, బరువు మాత్రము పెరుగును.

(ఈ) మోటారు కార్లనుండి తీసివేసిన పాత టైర్లను చవకగా దొరకునని బండ్లకు వేయుట తఱచు కానవచ్చుచున్నది. ఆ టైర్లు కారు బరువునకు చేయబడినవి. ధాన్యపు బండి బరువునకు గావు. పాతది కొనక తప్పనిచో తేదీ చూచి, లోపలి భాగమును చేతితో తడిమి అతుకులు, మడతలు, తెగిన పొరలు లేవని రూఢి చేసికొని, భారసంఖ్య సరిపోయిననే కొనవలెను. తేదీ చెక్కివేసిన టైరును ఎంత చవకకైనను ముట్టరాదు.

(ఉ) పైరబ్బరు మరల పోసిన టైర్లు మంచి ఒడలు గలవైనచో నెమ్మదిగా నడచు బండ్లకు ఉపయోగపడును. అయితే క్రొత్తగా నుండునది పైరబ్బరు మాత్రమే. ఒడలి వయస్సు పాతదే యని మఱువరాదు.

(ఊ) క్రొత్త టైరునకు క్రొత్త ట్యూబు వేయవలెను. సాగిన పాత ట్యూబు క్రొత్త టైరులో మడతపడి ఆ మడతయొద్దనే చినుగును. ట్యూబునకును రిమ్మునకును నడుమ రబ్బరు పట్టీ యుండు రకమైనచో దానిని గూడ మార్చవలెను.

7. చక్రమును విప్పుట

టైరు మార్చుట తొందరపడి చేయు పని కాదు. దీనికి బలమైన జాకీ, దాని క్రింద వేయుటకు వెడల్పైన పలక, ఇరుసు క్రింద పెట్టుటకు కఱ్ఱదిమ్మలు, చక్రములకు అడ్డముపెట్టు రెండు ముక్కోణపు చెక్కలు, సరియైన పానా, టైరు విప్పు కమ్ములు, గాలి కొలుచు గడియారము కావలెను.

మొదట ఎద్దులను విప్పి దూరముగా కట్టవలెను. కాడి క్రింద ఎద్దులుండగా జాకీ ఎత్తరాదు. ఈగ వాలి ఒక ఎద్దు తల విదిల్చినను బండి జాకీపైనుండి జాఱును. ట్రాక్టరైనచో ఇంజను ఆపి బ్రేకు బిగింపవలెను. బరువు దింపివేయవలెను. నొగ క్రింద గట్టి ఊతకఱ్ఱ పెట్టి బండిని సమముగా నిలుపవలెను. రెండవ వైపు చక్రమునకు ముందు వెనుకల చెక్కలు అడ్డము పెట్టవలెను.

చక్రము నేలపై నుండగనే నట్లను కొంచెముగా వదులు చేయవలెను. ఎత్తిన తరువాత బలముగా త్రిప్పినచో బండి కదలి పడును. పిదప పలకపై జాకీ నుంచి ఇరుసును చక్రమునకు సమీపమున ఎత్తి, వెంటనే ఇరుసు క్రింద దిమ్మలు చేర్చవలెను. బరువు దిమ్మలపై నిలువవలెనే గాని జాకీపై గాదు. జాకీని మాత్రమే నమ్మి బండి క్రింద చేయి గాని కాలు గాని చొప్పింపరాదు.

కొన్ని చక్రములలో రిమ్ము రెండు సగములుగా నుండి మఱలతో కలుపబడి యుండును. చక్రమును ఇరుసునకు బిగించు నట్లు వేఱు, రిమ్ము సగములను కలుపు మఱలు వేఱు. గాలి యుండగా రెండవవానిని వదులు చేసినచో రిమ్ము సగములు తుపాకి గుండువలె ఎగురును. ఏవి యేవో తెలియనిచో పని నిలిపి తెలిసినవానిని పిలువవలెను.

చక్రము తీసిన సమయముననే ఇరుసు బేరింగులను చూచుకొనవలెను. పాత గ్రీసును తుడిచి, గుండ్లు గీతలు పడియున్నచో మార్చి, క్రొత్త గ్రీసు పెట్టవలెను. చెడిన బేరింగు చక్రమును ఊగించి క్రొత్త టైరును ఒక ప్రక్క తినివేయును.

8. టైరును మార్చుట

గాలిగొట్టములోని సూదిని పూర్తిగా తీసి, గాలియంతయు పోయినదని రూఢి చేసికొనిన తరువాతనే రిమ్ము కమ్మికి గాని టైరు అంచునకు గాని పనిముట్టు తగిలింపవలెను. అంచును రిమ్మునుండి విడదీసి, కమ్ములతో కొంచెము కొంచెముగా ఎత్తి తీయవలెను.

రిమ్మును తీగబ్రష్షుతో త్రుప్పు పోవునట్లు రుద్దవలెను. పగుళ్లు, వంకరలు ఉన్న రిమ్మును, సరిగా కూర్చుండని లాకు కమ్మిని మరల వాడరాదు. టైరు రిమ్ముపై నుండగా రిమ్మునకు అతుకు వేయుట మిక్కిలి యపాయకరము. గాలి తీసియున్నను ఆ వేడికి లోపలి గాలియు రబ్బరు ఆవిరులును మండి టైరు పేలును. ఇట్టి పేలుడువలన మనుష్యులు మరణించిరి. టైరును పూర్తిగా ఊడదీసిన పిమ్మటనే అతుకు పని చేయింపవలెను.

క్రొత్త టైరు లోపల రాయి, ఇసుక, తీగముక్క లేకుండ చేతితో తుడిచి, సుద్దపొడి పలుచగా చల్లవలెను. ట్యూబులో రూపము నిలుచునంత గాలి మాత్రము నింపి లోపల నమర్చి, గాలిగొట్టము తిన్నగా రంధ్రములోనికి వచ్చినదో లేదో చూడవలెను. అంచులకు సబ్బునీరు రాయవలెను. కిరసనాయిలు, ఇంజను నూనె, గ్రీసు రాయరాదు, అవి రబ్బరును తినివేయును.

గాలి కొట్టు సమయమే అన్నిటికంటె అపాయకరమైనది. లాకు కమ్మి గల చక్రమును ఇనుప పంజరములో నుంచియో, గట్టి గొలుసు చుట్టియో గాలి నింపవలెను. గాలి కొట్టువాడు చక్రము ప్రక్కభాగమునకు ఎదురుగా గాక, నేలనంటు భాగము వైపున దూరముగా నిలువవలెను. పొడుగైన గొట్టము వాడవలెను. పిల్లలను దగ్గఱకు రానీయరాదు. అంచు కూర్చుండకున్నచో సుత్తితో కొట్టుట గాని, ఇంకను గాలి పెంచుట గాని చేయక, గాలి తీసివేసి సబ్బునీరు రాచి మరల మొదలిడవలెను. పెట్రోలు చల్లి నిప్పంటించి అంచును కూర్చుండబెట్టు మొరటు పద్ధతిని ఎన్నడును అవలంబింపరాదు.

చక్రమును మరల బిగించునపుడు నట్లను వరుసగా గాక, ఒకదాని తరువాత దాని కెదురుగా నున్నదానిని బిగింపవలెను. బండిని నేలకు దింపిన పిదప మరల గట్టిగా బిగింపవలెను. తరువాత మొదటి పెద్ద ప్రయాణము కాగానే మరల నొకసారి పానా వేసి చూడవలెను. క్రొత్తగా బిగించిన నట్లు సర్దుకొని వదులగుట సహజము.

9. గాలిని కాపాడుట

టైరునకు ఎంత గాలి కావలెనో తయారీదారు తెలిపిన అంకెనే పాటింపవలెను. గాలి గడియారములలో రెండు కొలతలుండును. చదరపు సెంటీమీటరునకు ఒక కిలో అనగా చదరపు అంగుళమునకు సుమారు 14.2 పౌనులు. ఒక కొలతను మఱియొకదానిగా భ్రమపడరాదు.

గాలిని ఉదయమున, టైరు చల్లగా నున్నపుడు కొలువవలెను. కొంతదూరము నడచిన టైరులో వేడిచే గాలి అంకె పెరుగును; దానిని చూచి గాలి తీసివేసినచో చల్లారిన పిమ్మట తక్కువగును. కాలితో తన్నియో కఱ్ఱతో కొట్టియో గాలిని తెలిసికొందుమనుట భ్రమ. సగము గాలి పోయిన గట్టిటైరు గూడ అదే చప్పుడు చేయును. గాలి మితిమీరినచో టైరు నడుమ భాగమే అరుగును, రాళ్లకు త్వరగా తెగును, కుదుపు ఎద్దుల మెడలకు తగులును. తక్కువైనచో రెండంచులు అరిగి, ప్రక్కలు వేడెక్కి చెడును. గాలిగొట్టముపై మూతను ఎల్లప్పుడు నుంచవలెను. బురద చేరిన సూది గాలిని వదలును.

10. పశువులను తీసికొనిపోవు ట్రెయిలర్లు

సంతకు గాని వైద్యశాలకు గాని పశువులను ట్రెయిలరులో తీసికొనిపోవునపుడు టైర్ల విషయమున రెట్టింపు జాగ్రత్త కావలెను. బస్తా వేసినచోటనే యుండును, పశువు కదలును. మలుపులలో పశువులన్నియు ఒక ప్రక్కకు తూలినపుడు ఆ వైపు టైర్లపై బరువు ఒక్కసారిగా పెరుగును. టైరు పగిలినచో బస్తా పడును గాని, పశువు కాలు విఱుగును. కావున ఇట్టి ప్రయాణమునకు ముందు గాలిని కొలిచి, టైర్ల తేదీలను చూచి, అదనపు చక్రమును గాలి నింపి వెంట నుంచుకొనవలెను. అదనపు చక్రము గూడ ముదియునని మఱువరాదు. దారిలో చక్రము మార్చవలసినచో పశువులను నీడకు దింపి కట్టిన పిమ్మటనే జాకీ వేయవలెను.

11. పని లేని కాలమున నిలువయుంచుట

పంటపనులు ముగియగానే టైర్లను కడిగి, బండిని కొట్టములో నుంచి ఇరుసు క్రింద దిమ్మలు పెట్టి చక్రములు నేలనంటకుండ ఎత్తవలెను. దిమ్మలు లేనిచో పదునైదు దినములకొకసారి బండిని కొంచెము త్రోసి నిలువవలెను. లేనిచో టైరు ఒకేచోట నలిగి చదునగును. ఎండ తగులునెడ గోనెపట్టలు కప్పవలెను. నూనె పీపాల చెంతను, అతుకు పని జరుగు చోటను టైర్లను ఉంచరాదు.

12. సంగ్రహము

గీతలు చూచి మోసపోక తేదీ చూడవలెను. బరువు లెక్కించి, పదునైదు వంతులు చేర్చి టైరు కొనవలెను. జతగా మార్చవలెను. ఎద్దులను విప్పి, బరువు దింపి, దిమ్మలు పెట్టి చక్రము విప్పవలెను. గాలి పూర్తిగా తీయనిదే రిమ్మును ముట్టరాదు. టైరుండగా రిమ్మునకు అతుకు వేయరాదు. చల్లని వేళ గాలిని కొలువవలెను.

ఈ జాగ్రత్తలకు పట్టు కాలము కోతలకు ముందొక పూట మాత్రమే. ఆ పూట వెచ్చించిన రైతు ధాన్యము తడియక అంగడి చేరును; ఆతని ఎద్దుల మెడలు పుండు పడవు; బండి తోలు మనుష్యుడు సాయంకాలమునకు క్షేమముగా ఇల్లు చేరును.